రాజకీయాలను లెక్క కట్టి చదవడం ఎలా

రాజకీయాల మీద అభిప్రాయం చెప్పడానికి గణితం అక్కర్లేదు. రెండు అభిప్రాయాలు ఢీకొన్నప్పుడు ఏది నిలబడదో తేల్చడానికి మాత్రం కావాలి. సంకీర్ణంలో చిన్న పార్టీకి నిజంగా బలం ఉందా? సర్వేలో కనిపించిన ఆధిక్యం అసలైనదేనా? ఓట్ల లెక్కింపులో అవకతవకలు జరిగాయా? వీటికి జవాబు రాబట్టాలంటే మూడు పనులు చేతకావాలి. నిబంధనల నుంచి ఫలితాన్ని లెక్కగట్టడం మొదటిది. ఎదుటి పక్షం వేయబోయే ఎత్తును ముందే లెక్కలోకి తీసుకోవడం రెండోది. అంకెల్లో యాదృచ్ఛికంగా వచ్చినదేదో, కారణంతో వచ్చినదేదో విడదీయడం మూడోది. మొదటిదానికి కూడికలు, సమితులు చాలు. రెండోదాని పేరు గేమ్ థియరీ, మూడోదాని పేరు స్టాటిస్టిక్స్.

చాలామంది మూడోదాంతోనే మొదలుపెడతారు. దొరికిన డేటాను సాఫ్ట్‌వేర్‌లో వేసి రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో అంచనా వేసే లెక్క) నడుపుతారు. వచ్చిన అంకె ఏ ప్రశ్నకు జవాబో అడిగితే చెప్పలేరు. అందుకే ఈ మూడింటినీ పైన చెప్పిన వరుసలోనే నేర్చుకోండి.

ముందు ప్రశ్నను కుదించండి

"డబ్బు రాజకీయాలను పాడుచేస్తోందా?" అన్నది ప్రశ్నలా కనిపిస్తుంది కానీ లెక్కకు లొంగదు. "ప్రచార ఖర్చు పెరిగితే కొత్త అభ్యర్థి ఓట్ల శాతం పెరుగుతుందా?" అన్నది లొంగుతుంది. కాగితం మీద నాలుగు విషయాలు రాయండి: ఎవరి గురించి, ఏ సంస్థలో, దేన్ని కొలుస్తున్నారు, దేనితో పోలుస్తున్నారు. ఆ కింద ఇంకో వాక్యం చేర్చండి: "నా ఊహ తప్పయితే డేటాలో ఫలానాది కనిపించాలి." ఆ వాక్యం రాయలేకపోతే ప్రశ్న ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

గణితం ఎంత రావాలన్న భయం వద్దు. సమితులు, అసమానతలు, ప్రాథమిక సంభావ్యత వస్తే ఓటింగ్ సిద్ధాంతం, గేమ్ థియరీలో మొదటి సగం చదవొచ్చు. గరిష్ఠ, కనిష్ఠ విలువలు కనుక్కునేంత కలనగణితం వస్తే మిగతా సగం అందుతుంది. మాత్రికలు రిగ్రెషన్‌ను లోతుగా చదివేటప్పుడు అవసరమవుతాయి, అప్పుడు నేర్చుకోవచ్చు. డేటా లెక్కలకు వాడే ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఏదో ఒకటి ఎంచుకుని దాన్నే పట్టుకుని ఉండండి.

ఓట్ల సంఖ్య వేరు, ఓటు బలం వేరు

మొదటి అభ్యాసానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. 1958లో యూరోపియన్ ఎకనామిక్ కమ్యూనిటీ మంత్రిమండలిలో 6 దేశాలకు ఇలా ఓట్లు ఉండేవి: ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీలకు తలా 4, బెల్జియం, నెదర్లాండ్స్‌లకు తలా 2, లక్సెంబర్గ్‌కు 1. మొత్తం 17. అర్హత గల మెజారిటీ (సాధారణ మెజారిటీ కన్నా ఎక్కువ ఓట్లు) కావాల్సినచోట, కమిషన్ (కమ్యూనిటీ కార్యనిర్వాహక సంస్థ) పెట్టిన ప్రతిపాదన నెగ్గడానికి 12 ఓట్లు కావాలి.

లక్సెంబర్గ్ చేతిలో 17లో 1 ఓటు, అంటే దాదాపు 6 శాతం ఉంది. దాని బలం కూడా 6 శాతమేనా? ఒక సభ్యుడు బయటికి వస్తే గెలిచే కూటమి ఓడిపోతుందంటే ఆ కూటమిలో అతను కీలకం. లక్సెంబర్గ్ కీలకం కావాలంటే మిగతావాళ్ల ఓట్లు సరిగ్గా 11 కావాలి. మిగతావాళ్లవన్నీ సరి సంఖ్యలు. సరి సంఖ్యలు ఎన్ని కలిపినా 11 రాదు. కాబట్టి ఈ ఓటింగ్‌లో లక్సెంబర్గ్ బలం సున్నా.

మిగతా దేశాలకు కూటములు లెక్కపెట్టండి. లక్సెంబర్గ్‌ను పక్కన పెడితే గెలిచే కూటములు 7: మూడు పెద్ద దేశాలూ ఉన్నవి 4 (చిన్నవి ఏవీ లేకుండా, బెల్జియంతో, నెదర్లాండ్స్‌తో, రెండింటితో), రెండు పెద్ద దేశాలూ రెండు చిన్న దేశాలూ ఉన్నవి 3. ఒక్కో కూటమిలో ఒక్కో దేశాన్ని తీసేసి చూస్తే పెద్ద దేశం 5 సార్లు, చిన్న దేశం 3 సార్లు కీలకమవుతుంది. మొత్తం 5×3 + 3×2 = 21. పెద్ద దేశం బలం 5/21, అంటే 23.8 శాతం. బెల్జియం బలం 3/21, అంటే 14.3 శాతం. ఓట్లలో బెల్జియం వాటా 11.8 శాతమే. కీలకమైన సార్లను ఇలా లెక్కపెట్టి కట్టే బలాన్నే బాంజాఫ్ సూచిక అంటారు. సభ్యులు ఒక వరుసలో వచ్చి చేరుతున్నారనుకుని, ఎవరి రాకతో కోటా (నెగ్గడానికి కావాల్సిన ఓట్లు) నిండుతుందో లెక్కపెడితే షాప్లీ–షూబిక్ సూచిక (1954) వస్తుంది.

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ఈ ఓట్లను నిర్ణయించిన కమ్యూనిటీ ఒప్పందంలోనే ఇంకో నిబంధన ఉంది. కమిషన్ ప్రతిపాదన లేని విషయాల్లో 12 ఓట్లు రావడంతో పాటు కనీసం 4 దేశాలు అనుకూలంగా ఉండాలి. అప్పుడు మూడు పెద్ద దేశాలు కలిసినా చాలదు. లక్సెంబర్గ్ వచ్చి నాలుగోది అయితే ప్రతిపాదన నెగ్గుతుంది. బలం సున్నా నుంచి పైకి లేచింది, మారింది ఒక్క షరతే. అందుకే కోటా అంకె చూసి లెక్క మొదలుపెట్టకండి. నిబంధన పూర్తి పాఠం చదవండి: వీటో ఎవరికుంది, గైర్హాజరును ఎలా లెక్కిస్తారు, మెజారిటీ హాజరైనవాళ్లలోనా మొత్తం సభ్యుల్లోనా.

ఇంకో పరిమితి కూడా గుర్తుంచుకోండి. ఈ సూచికలు అన్ని కూటములకూ సమాన అవకాశం ఉందనుకుంటాయి. ఎన్నటికీ కలవని రెండు పార్టీలున్న సభలో ఆ ఊహ చెల్లదు. అలాంటిచోట అసాధ్యమైన కూటములు కొట్టేసి మళ్లీ లెక్కపెట్టండి, రెండు అంకెలనూ పక్కపక్కనే చూపండి.

ఓటింగ్ వరుస, మధ్య ఓటరు

ముగ్గురు సభ్యులు, మూడు ప్రతిపాదనలు. మొదటివాడి ఇష్టం క, ఖ, గ వరుసలో. రెండోవాడిది ఖ, గ, క. మూడోవాడిది గ, క, ఖ. జంటలుగా ఓటు పెడితే క మీద ఖ ఓడుతుంది, ఖ మీద గ ఓడుతుంది, గ మీద క ఓడుతుంది. 18వ శతాబ్దంలో కాండోర్సే చూపిన చక్రం ఇదే. ఇప్పుడు అజెండా రాసేవాడి స్థానంలో కూర్చోండి. క గెలవాలంటే ముందు ఖ, గ పోటీ పెట్టాలి, గెలిచిన ఖతో క పోటీ పడాలి. గ గెలవాలంటే ముందు క, ఖ. సభ్యులు తమ ఇష్టాన్ని బట్టే ఓటేస్తే, ఎవరి మనసూ మారకుండానే ఫలితం మారిపోతుంది. చట్టసభలో ఒక సవరణ ఎలా గెలిచిందో చదివేటప్పుడు ముందు ఓటింగ్ ఏ వరుసలో జరిగిందో రాసుకోండి.

అన్ని ఇష్టాలూ ఒకే గీత మీద ఉండి, ఒక్కొక్కరికి ఒకే శిఖరం ఉంటే, అంటే బాగా నచ్చే బిందువు నుంచి దూరమయ్యేకొద్దీ ఇష్టం తగ్గుతూ పోతే, ఈ చక్రం రాదు. 0 నుంచి 10 దాకా ఉన్న గీత మీద ఐదుగురు 2, 3, 5, 8, 9 దగ్గర ఉన్నారనుకోండి. ఏ జంట పోటీలోనైనా 5 గెలుస్తుంది. 1948లో డంకన్ బ్లాక్ చూపిన మధ్య ఓటరు ఫలితం ఇది. దీన్ని ఎడాపెడా వాడేస్తుంటారు. విషయాలు రెండయ్యేసరికి, అంటే పన్నులూ మతమూ కలిసి ఓటింగ్‌కు వచ్చేసరికి, సాధారణంగా అలాంటి మధ్య బిందువు ఉండదని 1960, 70లలో ప్లాట్, మెక్‌కెల్వీ నిరూపించారు. "పార్టీలు మధ్యకు జరుగుతాయి" అని రాసే ముందు అక్కడ పోటీ నిజంగా ఒకే గీత మీద జరుగుతోందా, పార్టీలు రెండేనా అన్నది చూసుకోండి.

గేమ్ రాయడం

ఆటగాళ్లు ఎవరు, ఎవరు ముందు కదులుతారు, ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం కావాలి. ఈ నాలుగూ రాశాక చివరి కదలిక నుంచి వెనక్కి లెక్క కట్టండి.

ఒక కమిటీ ప్రతిపాదన పెడుతుంది. సభ అవుననాలి లేదా కాదనాలి, సవరించే వీల్లేదు. కాదంటే పాత విధానమే కొనసాగుతుంది. అదే గీత మీద సభలో మధ్య సభ్యుడి ఇష్టం 5, కమిటీ ఇష్టం 9, పాత విధానం 4 అనుకోండి. చివరి కదలిక సభది: 5కి 4 ఎంత దూరమో అంతకన్నా దూరం కాని దేన్నైనా ఒప్పుకుంటుంది, అంటే 4 నుంచి 6 దాకా. కాబట్టి కమిటీ 6 అడుగుతుంది. పాత విధానం 2 అయితే సభ 8 దాకా ఒప్పుకోక తప్పదు, కమిటీ 8 అడుగుతుంది. పాత విధానం ఎంత అధ్వానంగా ఉంటే ప్రతిపాదించేవాడికి అంత బలం. 1978లో రోమర్, రోజెన్‌తాల్ ఈ మోడల్‌ను ప్రచురించారు. బడ్జెట్ ఆమోదం పొందకపోతే ఏం జరుగుతుందో రాజ్యాంగంలో వెతికి చదవాల్సిన అవసరం ఈ లెక్క వల్లే తెలుస్తుంది. పాత బడ్జెట్ కొనసాగే దేశంలో బేరం ఒకలా, ప్రభుత్వ ఖర్చే ఆగిపోయే దేశంలో ఇంకోలా సాగుతుంది.

యుద్ధాలనూ ఇలాగే చదవొచ్చు. 100 విలువైన భూభాగం కోసం రెండు దేశాలు పోట్లాడుకుంటున్నాయి. మొదటిది గెలిచే సంభావ్యత 0.6. యుద్ధ ఖర్చు మొదటిదానికి 10, రెండోదానికి 15. పోరాడితే మొదటిదానికి దక్కేది 60−10 = 50, రెండోదానికి 40−15 = 25. మొదటిదానికి 50 నుంచి 75 మధ్య ఎంతిచ్చినా ఇద్దరికీ యుద్ధం కన్నా మేలే. మరి యుద్ధాలెందుకు వస్తున్నాయి? ఎవరి బలం ఎంతో ఎదుటివారికి తెలియకపోవడం, రేపు బలం పెరిగితే ఇవాళ్టి మాట మీద నిలబడతారన్న నమ్మకం లేకపోవడం, పంచడానికి వీల్లేని వస్తువు కావడం. రాజకీయ శాస్త్రవేత్త ఫియరన్ 1995లో ముందుకు తెచ్చిన ఈ వాదన దగ్గర పెట్టుకుంటే "పగ వల్ల యుద్ధం వచ్చింది" అన్న వివరణ ఎందుకు చాలదో స్పష్టంగా కనిపిస్తుంది. పగ ఉన్నా బేరం కుదిరే జాగా ఉంది కదా, అది ఎందుకు కుదరలేదో చెప్పాలి.

గేమ్ రాసేటప్పుడు పెద్ద లోపం ఒకటి ఉంది: తెలిసిన ఫలితం వచ్చేదాకా ఇష్టాలను సర్దడం. "ఓటేయడం వల్ల తృప్తి" అని ఒక పదం చేరిస్తే ఎవరైనా ఓటేస్తారు. అది వివరణ కాదు, ప్రశ్ననే తిప్పి రాయడం. ఆ తృప్తి ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో ఇంకో అంచనా చెప్పగలిగితేనే ఆ పదానికి విలువ.

సర్వే అంకెను చదవడం

1000 మందితో చేసిన సర్వేలో ఒక పార్టీకి 42, ఇంకో పార్టీకి 38 శాతం. "మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంకె అటూ ఇటూ జరగగల పరిధి) 3 శాతం, ఆధిక్యం 4, కాబట్టి ఆధిక్యం ఖాయం" అని రాసేస్తారు. ఆ 3 శాతం ఒక్క పార్టీ అంకెకు వర్తించేది. ఆధిక్యానికి వేరే లెక్క: రెండు వాటాలు కూడండి (0.80), తేడా వర్గాన్ని తీసేయండి (0.0016), 1000తో భాగించి వర్గమూలం తీయండి (సుమారు 0.0283), 1.96తో (95 శాతం నమ్మకానికి వాడే గుణకం) గుణించండి. వచ్చేది 5.5 శాతం. అంటే ఆధిక్యం 4కి అటూ ఇటూ 5.5. వెనకబడి ఉండే అవకాశాన్నీ కొట్టిపారేయలేం.

ఇదంతా శాంపిల్ యాదృచ్ఛికంగా తీసుకున్నప్పటి మాట. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్ గెలుస్తాడని చెప్పింది. రూజ్‌వెల్ట్ దాదాపు 61 శాతం ఓట్లతో గెలిచాడు. ఎవరికి పంపారు, ఎవరు జవాబిచ్చారు అన్నచోట వంకర ఉంటే శాంపిల్ పెంచినా అది తగ్గదు. సర్వే చేతికి రాగానే సంఖ్య కన్నా ముందు జవాబిచ్చినవాళ్ల శాతం, వయసు, చదువులను బట్టి వెయిట్లు (జవాబులకు ఇచ్చే ఎక్కువ తక్కువ బరువులు) ఎలా వేశారన్నది చూడండి.

సొంతంగా ప్రయోగం చేయాలనుకుంటే ముందు పరిమాణం లెక్కగట్టండి. ఓటేయమని గుర్తుచేస్తే పోలింగ్ 50 నుంచి 52 శాతానికి పెరుగుతుందా అన్నది పట్టుకోవడానికి ఒక్కో గుంపులో ఎంతమంది కావాలి? 16 × 0.5 × 0.5 ÷ (0.02 × 0.02) = 10,000. ఇందులో 16 అన్నది, 5 శాతం గీటురాయి మీద నిజమైన తేడాను 80 శాతం సార్లు పట్టుకోవడానికి వాడే స్థూల గుణకం. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు కావాలి. పైగా ఊళ్లవారీగా గుంపులు వేసి, ఒక్కో ఊళ్లో 50 మందిని తీసుకుంటే, వాళ్ల ప్రవర్తనలో 0.05 సహసంబంధం ఉన్నా 1 + 49 × 0.05 = 3.45 రెట్లు శాంపిల్ కావాలి. ఈ గుణకం మర్చిపోయి 10,000 మందిని కలిసినా, లెక్కలో వాళ్లు 2,900 మందితో సమానం.

ఫలితాల పట్టికలో దిగినప్పుడు

సగం సమయం శుభ్రం చేయడానికే పోతుంది, దానికి సిద్ధంగా ఉండండి. నియోజకవర్గాల పేర్ల స్పెల్లింగులు సంవత్సరానికొకలా ఉంటాయి, సరిహద్దులు మారతాయి. పేరుతో కాక కోడ్‌తో పట్టికలను కలపండి, కలిపే ముందూ తర్వాతా వరుసలు లెక్కపెట్టండి. ఖాళీ గడి అంటే సున్నా ఓట్లా, అభ్యర్థి పోటీలో లేడా? ఈ రెండూ కలిసిపోతే తర్వాతి లెక్కలన్నీ చెడతాయి. పోలింగ్ శాతానికి హారం ఏదో రాసుకోండి: జాబితాలోని ఓటర్లా, ఓటు వయసు వచ్చిన జనాభానా.

ప్రాంతాల అంకెల నుంచి మనుషుల గురించి తీర్మానం చేయకండి. 1930 అమెరికా జనగణన మీద రాబిన్సన్ 1950లో చేసిన లెక్క అందరూ ఒకసారి చూడాలి. రాష్ట్రాలవారీగా చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్నచోట నిరక్షరాస్యత తక్కువ, సహసంబంధం −0.53. మనుషులవారీగా చూస్తే 0.12, గుర్తే తారుమారైంది. వలస వచ్చినవాళ్లు అక్షరాస్యత ఎక్కువున్న రాష్ట్రాల్లో స్థిరపడ్డారు, అంతే. "ఫలానా వర్గం జనాభా ఎక్కువున్నచోట ఆ పార్టీకి ఓట్లు పడ్డాయి కాబట్టి ఆ వర్గమే వేసింది" అన్న వాక్యం రోజూ కనిపిస్తుంది. దానికి మనిషి స్థాయి సర్వే ఆధారం కావాలి.

అసహజమైన అంకె కనిపించినప్పుడు ఏం చేయాలో 2000 నాటి ఫ్లోరిడా నేర్పుతుంది. అధ్యక్ష ఎన్నికలో ఆ రాష్ట్రాన్ని బుష్ 537 ఓట్లతో గెలిచాడు. పామ్ బీచ్ కౌంటీలో చిన్న పార్టీ అభ్యర్థి బుకానన్‌కు 3,407 ఓట్లు వచ్చాయి. 67 కౌంటీలకూ బుష్ ఓట్లు అడ్డంగా, బుకానన్ ఓట్లు నిలువుగా పెట్టి, రెండింటికీ లాగరిథమ్ తీసి గీత గీయండి. లాగరిథమ్ ఎందుకంటే కౌంటీల పరిమాణంలో తేడా చాలా ఎక్కువ, లేకపోతే రెండు మూడు పెద్ద కౌంటీలే గీతను లాగేస్తాయి. గీత వేసేటప్పుడు పామ్ బీచ్‌ను వదిలేసి, తర్వాత దాన్ని ఆ గీతతో పోల్చండి. ఆ చుక్క గీతకు చాలా పైన పడుతుంది.

అక్కడితో ఆగితే అనుమానమే తప్ప రుజువు లేదు. ఆ కౌంటీలో పేర్లు రెండు పేజీల్లో, ఓటేయడానికి పొడిచే రంధ్రాలు మధ్యలో ఉన్న బ్యాలెట్ వాడారు. ఎడమవైపు రెండో పేరు బుష్ ప్రధాన ప్రత్యర్థి గోర్‌ది, కానీ అతని రంధ్రం మూడోది. రెండో రంధ్రం కుడివైపు మొదటి పేరైన బుకానన్‌ది. కారణం ఇదే అయితే, ఆ అమరిక లేనిచోట తేడా మాయం కావాలి. అదే కౌంటీలో పోలింగ్ రోజు రాలేనివాళ్లు వేసిన బ్యాలెట్లకు ఆ అమరిక లేదు. వాటిలో బుకానన్ వాటా బాగా తక్కువ. ఓటర్లు అదే ఊరివాళ్లు, మారింది కాగితం. మీ పరిశీలనలోనూ ఇలా కారణం లేని పోలిక ఒకటి వెతకండి.

మోసం పట్టడానికి బెన్‌ఫర్డ్ సూత్రం అంటూ మొదటి అంకెల చార్టులు తిరుగుతుంటాయి. మొదటి అంకెగా 1 అన్నిటికన్నా ఎక్కువగా, 9 అన్నిటికన్నా తక్కువగా వస్తుందనే ఆ సూత్రం అనేక రెట్ల తేడాతో పరుచుకున్న సంఖ్యలకు వర్తిస్తుంది. పోలింగ్ కేంద్రాలన్నీ దాదాపు ఒకే పరిమాణంలో, 600 నుంచి 1000 ఓట్ల మధ్య ఉండి, ఒక అభ్యర్థికి 50 శాతం చొప్పున వస్తే మొదటి అంకెలు 3, 4 మాత్రమే ఎక్కువగా ఉంటాయి. మోసం లేకుండానే సూత్రం చెడుతుంది.

కారణాన్ని నేరుగా కొలవాలంటే హోరాహోరీ పోటీలు మంచి చోటు. 49.9 శాతంతో ఓడినవాడికీ 50.1తో గెలిచినవాడికీ మిగతా తేడాలు తక్కువ కాబట్టి, పదవి వల్ల వచ్చే లాభం అక్కడ తేటగా కనిపిస్తుంది. 2008లో లీ ఈ పద్ధతిని అమెరికా ప్రతినిధుల సభకు వాడి చూపాడు. 2011లో కాహీ, సెఖోన్ అదే సభ ఎన్నికల్లో, అంచున గెలిచినవాళ్లకూ ఓడినవాళ్లకూ ముందునుంచే తేడాలున్నాయని చూపారు. అందుకే ఫలితం చూసే ముందు, గత ఎన్నికలో ఓట్లు, ప్రచార ఖర్చు వంటివి అంచుకు రెండువైపులా సమానంగా ఉన్నాయో లేదో పరీక్షించండి. అంచు నుంచి 1, 2, 5 శాతం దూరాల్లో మూడుసార్లు లెక్క వేసి, అంకె ఎంత మారుతోందో అన్నీ చూపండి.

ప్రభావం ఏమాత్రం లేకపోయినా ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, 5 శాతం గీటురాయి మీద (ఒక్కో పరీక్షలో లేని ప్రభావాన్ని ఉందని పొరబడే అవకాశం 5 శాతం) కనీసం ఒకటి "నిజం" అని తేలే అవకాశం 64 శాతం. ఏ పరీక్షలు చేస్తారో డేటా తెరవకముందే రాసి, తేదీ వేసి పెట్టుకోండి.

ఇంకో అలవాటు చేసుకోండి. అసలు డేటా ముట్టుకునే ముందు మీరే నకిలీ డేటా తయారు చేయండి: 500 నియోజకవర్గాలు, ప్రభావం 2 శాతం అని మీరే పెట్టినది, దాని మీద యాదృచ్ఛిక హెచ్చుతగ్గులు. మీ కోడ్‌ను దాని మీద 1000 సార్లు నడపండి. సగటున 2 దగ్గరకు రాకపోతే పద్ధతి తప్పు. సగటు వచ్చినా ఒక్కోసారి −3, ఒక్కోసారి 7 వస్తుంటే డేటా చాలదు. 95 శాతం అంతరాల్లో (అసలు విలువ 100లో 95 సార్లు ఉండాల్సిన పరిధుల్లో) 2 దాదాపు 950 సార్లు పడాలి. 800 సార్లే పడితే స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో హెచ్చుతగ్గుల కొలత) తక్కువగా లెక్కపెట్టారు. ఒకే రాష్ట్రంలోని నియోజకవర్గాలను వేటికవి స్వతంత్రమని అనుకోవడమే దీనికి సాధారణంగా కారణం. రాష్ట్రాలవారీగా క్లస్టర్ చేసి, అంటే ఒకే రాష్ట్రంలోని నియోజకవర్గాలను ఒక గుంపుగా లెక్కించి, మళ్లీ నడపండి.